రస్టీ కాళ్ళు, రస్టీ కడుపు

పోయినసారి గుడి వంటశాలలో పులిహోర కలపడం గురించి రాశాను. ఈసారి మా గుర్రం గురించి రాస్తున్నాను. గుర్రం అనగానే నవ్వే స్నేహితులు గుడిలో చాలామంది ఉన్నారు. "రిటైరయ్యాక అందరూ కాశీకి వెళతారు, ఈయన లాయానికి వెళతాడు" అంటారు. నిజమే. వారంలో ఐదు రోజులు లాయం, రెండు రోజులు గుడి. శనివారం చెప్పుల స్టాండు దగ్గర, ఆదివారం వంటశాలలో.

గుర్రం పేరు రస్టీ. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, అదే రంగు జూలు, నుదుటి మీద తెల్లటి చార. వయసు 22. మా అమ్మాయికి పదిహేనేళ్ళప్పుడు, రస్టీకి ఏడేళ్ళప్పుడు మా ఇంటికి వచ్చింది. ఇంటికి అంటే నిజంగా ఇంటికి కాదు. వర్జీనియాలో మేముండే లౌడన్ కౌంటీలో గుర్రాల లాయాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదానిలో నెలకింత అని కట్టి ఉంచుతాం. అమ్మాయి చదువు అయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, సియాటిల్ వెళ్ళిపోయింది. గుర్రం నాకు మిగిలింది.

ఇక్కడ ఒక చిన్న భాష సంగతి. నేను సికింద్రాబాదులో ఇంగ్లీషు మీడియం స్కూల్లో చదివాను. తెలుగు మాట్లాడడం వచ్చు, రాయడం అరవై దాటాక నేర్చుకుంటున్నాను. జంతువులను "అది" అనాలని వ్యాకరణ పుస్తకం చెబుతుంది. కానీ మా అమ్మ కుక్కను కూడా "వాడు అన్నం తిన్నాడా?" అని అడిగేది. నాకు రస్టీ విషయంలో అమ్మ వ్యాకరణమే వస్తుంది. కాబట్టి ఇకనుంచి "వాడు" అనే రాస్తాను.

పోయిన నవంబరులో వాడి నడక మారింది. పొద్దున షెడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడు వెనక కాళ్ళు బిగుసుకుపోయినట్టు, మొదటి పదిహేను ఇరవై అడుగులు గిట్టల ముందు భాగం నేలమీద ఈడుస్తూ నడిచాడు. కాస్త దూరం పోయాక సర్దుకున్నాడు. మన వయసువాళ్ళు పొద్దున మంచం దిగినప్పుడు ఎలా నడుస్తామో అలాగే. డాక్టరమ్మ వచ్చారు. ఒక్కో వెనక కాలూ పైకి మడిచి ఒకటిన్నర నిమిషం పట్టుకుని, వదలగానే పరుగెత్తించారు. ఎడమ కాలు బాగా కుంటాడు, కుడి కాలు కొంచెం. తరువాత ఎక్స్‌రే తీశారు.

నొప్పి ఉన్న చోటును ఇంగ్లీషులో హాక్ అంటారు. తెలుగులో దీనికి పేరు కోసం వెతికాను, నాకు దొరకలేదు. గుర్రం వెనక కాలికి మధ్యలో, వెనక్కి పొడుచుకొచ్చినట్టు ఉండే కీలు అది. చూసేవాళ్ళు మోకాలు వెనక్కి తిరిగిందేమో అనుకుంటారు. నిజానికి అది మన మడమ దగ్గరి కీలు. గుర్రం ఎప్పుడూ కాలి వేళ్ళ కొస మీదే నడుస్తుందన్నమాట. ఆ హాక్ ఒక్క కీలు కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చిన కొన్ని కీళ్ళు. పై కీలు బాగా కదులుతుంది. కింది రెండూ చాలా కొంచెం కదులుతాయి. రస్టీకి అరిగింది ఆ కింది రెండే. ఎక్స్‌రేలో ఎముకల మధ్య నల్లటి సందు ఉండాలి. వాడికి ఎడమ కాలిలో ఆ సందు గీతలా సన్నబడింది, కొన్నిచోట్ల లేనేలేదు.

డాక్టరమ్మ అప్పుడు ఒక మాట అన్నారు. "ఈ రెండు కీళ్ళూ అతుక్కుపోతే మంచిది." నేను మళ్ళీ అడిగాను, సరిగ్గా విన్నానో లేదో అని. కింది కీళ్ళు ఎలాగూ పెద్దగా కదలవు కాబట్టి, ఎముకతో ఎముక పూర్తిగా అతుక్కుపోతే నొప్పి తగ్గిపోతుందట. కానీ దానికి నెలలు పట్టవచ్చు, ఏళ్ళు పట్టవచ్చు, అసలు అతుక్కోకపోవచ్చు కూడా. అప్పటిదాకా నొప్పి లేకుండా వాడిని కాపాడడమే మన పని అన్నారు. ఆరోగ్యం అంటే అన్నీ విడివిడిగా కదలడం అనే నా ఆలోచనకు ఇది అడ్డం తిరిగిన మాట. చాలా రోజులు మనసులో తిరిగింది.

మొదటి మందు గుర్రాల వాళ్ళందరికీ తెలిసిన ఫినైల్‌బ్యుటజోన్. ఇక్కడ ముద్దుగా బ్యూట్ అంటారు. చవక, బాగా పనిచేస్తుంది, ఎన్నో ఏళ్ళ నుంచి వాడుతున్నారు. ఒక గ్రాము చొప్పున రోజుకు రెండుసార్లు ఐదు రోజులు, తరువాత రోజుకొకసారి. మూడో రోజుకే రస్టీ కాళ్ళు తేలికపడ్డాయి. గేటు దగ్గరికి పరుగున వచ్చాడు. మా అమ్మాయికి వీడియో పంపాను.

తొమ్మిదో రోజు దాణా సగం వదిలేశాడు. దాణా వదలడం వాడి జాతకంలో లేదు. పదో రోజు పళ్ళు కొరుకుతూ నిలబడ్డాడు. దుప్పటి పట్టీ పొట్ట కింద బిగించబోతే చెవులు వెనక్కి పెట్టి నన్ను కరవడానికి వచ్చాడు. లద్దె పలచగా ఉంది. (ఆవుది పేడ, గుర్రానిది లద్దె. ఈ తేడా నాకు అరవై మూడో ఏట తెలిసింది. అప్పటినుంచి ఈ మాట వాడే అవకాశం వదులుకోను.) రస్టీకి కడుపు ఎప్పుడూ సున్నితమే. అమ్మాయి పోటీలకు తీసుకెళ్ళే రోజుల్లో ఒకసారి పుండ్లు వచ్చి తగ్గాయి. ఈ సంగతి తెలుసు కాబట్టే డాక్టరమ్మ దాణా వదిలితే వెంటనే ఫోన్ చెయ్యమని ముందే చెప్పి ఉంచారు. చేశాను. ఆ రోజే బ్యూట్ ఆపించారు.

మూడు రోజుల తరువాత ఎండోస్కోపీ. దానికి ముందు రాత్రంతా గడ్డి లేకుండా ఉంచాలి. ఆ రాత్రి వాడు నాతో మాట్లాడలేదు. మత్తు ఇచ్చి, మూడు మీటర్ల పొడవున్న గొట్టం ముక్కులోంచి పొట్టలోకి పంపి, తెర మీద చూపించారు. పై భాగం అంచులో చిన్న చిన్న పుండ్లు. కింద, పొట్ట పేగులోకి తెరుచుకునే ద్వారం దగ్గర, ఎర్రగా ఉబ్బిన మచ్చలు. ఆ కిందివే ఎక్కువ మొండివి అన్నారు. రక్తంలో ప్రోటీన్ కూడా చూశారు. ఈ మందు పెద్దపేగును కూడా పుండు చేయగలదు, అప్పుడు ప్రోటీన్ పడిపోతుంది. వాడికి పడిపోలేదు. ఆ ఒక్క వార్తకు ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టాను.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు కదా. మందు ఇస్తే కడుపు, ఇవ్వకపోతే కాలు. ఎందుకిలా అని డాక్టరమ్మను అడిగాను. ఆవిడ ఓపికగా చెప్పారు. నాకు అర్థమైనంత రాస్తాను.

ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు ఉంటాయి. కీలు వాచినప్పుడు నొప్పిని, వాపును పెంచేవి అవే. కానీ పొట్ట లోపలి పొరకు రక్తం అందేలా చూసి, దాని మీద జిగురు పూత ఉండేలా చేసేవి కూడా అవే. బ్యూట్ రెండుచోట్లా వాటిని ఆపేస్తుంది. కీలు చల్లబడుతుంది, పొట్ట పూత పోతుంది. మనం వేసుకునే నొప్పి మాత్రలు కూడా ఇదే కుటుంబం. నా మోకాలికి మాత్ర రాసిన డాక్టరు కడుపుకు ఇంకో మాత్ర ఎందుకు రాశాడో నాకు గుర్రం వల్ల అర్థమైంది.

దానికి తోడు గుర్రం కడుపు కట్టుబాటు వేరు. ఐదు వందల కిలోల జంతువుకు పొట్ట పది, పదిహేను లీటర్లు మించదు. మనకు భోజనం అప్పుడే ఎక్కువ ఆమ్లం ఊరుతుంది. గుర్రానికి రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది, ఎందుకంటే అది రోజంతా గడ్డి కొరుకుతూ తిరగడానికి పుట్టింది. ఆ ఆమ్లాన్ని చల్లార్చేది లాలాజలం. ఆ లాలాజలమేమో నమిలేటప్పుడు మాత్రమే ఊరుతుంది. ఆవులాగా నెమరు వేయడం లేదు. నోటి ముందు గడ్డి లేకపోతే లాలాజలం లేదు, ఆమ్లం మాత్రం ఉంది. పొట్ట పై భాగానికి జిగురు పూత అసలే లేదు. వాంతి చేసుకోవడం కూడా దానికి రాదు.

నేను ఏకాదశి ఉపవాసం ఉంటాను. మనిషికి ఉపవాసం పుణ్యం, గుర్రానికి పుండు.

ఇదంతా జరుగుతున్న వారంలోనే అమ్మాయి ఫోన్ చేసింది. తనకు అప్పుడు రెండో నెల. మాటలన్నీ ఇంగ్లీషే, "నాన్నా" ఒక్కటి తెలుగు. "నాన్నా, వాడు బాధపడుతుంటే నాకు చెప్పు. నేను బాధపడతానని వాడిని నిలబెట్టి ఉంచొద్దు." నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఈ దేశంలో గుర్రానికి బాధ తీరదని తెలిస్తే డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చుతారు. దీన్ని దయామరణం అంటారని నిఘంటువులో చూశాను. మాట బాగుంది. పని చేయడానికి చెయ్యి రావాలి కదా. గుడిలో ఇద్దరిని అడిగాను, మూడు జవాబులు వచ్చాయి. ఒకాయన పాపం అన్నారు. ఇంకొకాయన మొదట పాపం అని, కారు దాకా నాతో నడిచి వచ్చి, "మా నాన్నగారు చివర్లో పడ్డ బాధ చూశాక నాకు తెలియడం లేదండి" అన్నారు.

డాక్టరమ్మను అడిగితే పాపపుణ్యాల జోలికి వెళ్ళలేదు. నాలుగు విషయాలు రోజూ రాసిపెట్టుకోమన్నారు. గడ్డి తింటున్నాడా. పడుకుని మళ్ళీ తనంతట తాను లేస్తున్నాడా. గేటు దాకా నడిచి వస్తున్నాడా. పక్కనుండే ముసలి పోనీతో కలిసి తిరుగుతున్నాడా. ఆ నాలుగూ ఉన్నంతకాలం మనం వైద్యం గురించే మాట్లాడదాం అన్నారు.

మొదట కడుపు. ఒమెప్రజోల్ పేస్టు 28 రోజులు, పొద్దున దాణాకు అరగంట, గంట ముందు. కింది పుండ్ల కోసం సుక్రాల్ఫేట్ అనే మందు విడిగా, వేరే మందులకు దూరంగా. మిసోప్రోస్టోల్ అని ఇంకొకటి ఉంది, అది కూడా పనిచేస్తుంది. కానీ గర్భిణులు దాన్ని చేత్తో తాకకూడదు. అమ్మాయి క్రిస్మస్‌కు వస్తోంది, వచ్చిందంటే రస్టీ మందుల పెట్టె తెరవకుండా ఉండదు. అందుకని వద్దనుకున్నాం.

బ్యూట్ ఇస్తూ పక్కన ఒమెప్రజోల్ ఇస్తే సరిపోదా అని నేను అడిగాను. చాలామంది అలాగే చేస్తారు. లూసియానాలో గుర్రాల మీద దీన్ని పరీక్షించి చూశారట. రెండూ కలిపి ఇచ్చినవాటికి పొట్టలో పుండ్లు తగ్గాయి కానీ, పేగుల్లో ఇబ్బందులు ఎక్కువయ్యాయి. పై తలుపు మూస్తే కింది తలుపు తెరుచుకున్నట్టు. రస్టీ లాంటివాడికి ఆ జోడీ వద్దన్నారు.

మరి ఆ నెలరోజులు కాళ్ళ సంగతి? కడుపు గుండా వెళ్ళని దారులు వెతికారు. ఒకటి అడెక్వాన్ ఇంజెక్షన్, కండలోకి, నాలుగు రోజులకొకటి చొప్పున ఏడు. ఇది నొప్పి మాత్ర కాదు, కీలు లోపలి మెత్తటి ఎముక అరగకుండా కాపాడుతుంది. ఇంకొకటి హాక్ కీలులోకే నేరుగా స్టీరాయిడ్. దానికి ముందు రక్తపరీక్ష చేయించారు. ముసలి గుర్రాలకు ఒక హార్మోను జబ్బు వస్తుంది, ఇన్సులిన్ కూడా ఎక్కువ ఉండవచ్చు. అలాంటివాటికి స్టీరాయిడ్ పడితే గిట్టల లోపల వాపు వచ్చే ప్రమాదం ఉంది. గిట్ట పోతే గుర్రం పోయినట్టే. రస్టీ రక్తం బాగుంది. డిసెంబరు మొదటి వారంలో ఇచ్చారు. పది రోజుల్లో గిట్టలు ఈడ్చడం సగం తగ్గింది. మరీ బిగిసిన రోజుల్లో రాయడానికి డైక్లోఫెనాక్ క్రీము కూడా ఉంది, గుర్రాల కోసమే చేసింది. చేతికి తొడుగు వేసుకుని హాక్ మీద రుద్దాలి. అదే పేరుతో నా మోకాలి క్రీము బాత్రూము అలమరాలో ఉంది. మా ఆవిడ రెండిటి మీదా పెద్ద అక్షరాలతో పేర్లు రాసి పెట్టింది.

నాడాలు కొట్టే అతను చేసిన మేలు కూడా తక్కువ కాదు. గిట్ట ముందు భాగం పొట్టిగా, గుండ్రంగా చెక్కుతాడు, అడుగు తీసేటప్పుడు హాక్ మీద బరువు పడకుండా. వెనక కాలు ఎత్తినప్పుడు ఎత్తుగా లాగకుండా నేలకు దగ్గరగా పట్టుకుంటాడు, నిమిషానికొకసారి దించి ఊపిరి తీసుకోనిస్తాడు. ఆరు వారాలకొకసారి వస్తాడు. ఒక్క వారం ఆలస్యమైనా రస్టీ నడకలో తెలుస్తుంది. (గిట్టను డెక్క అని కూడా అంటారు. గుర్రపుడెక్క అని నిఘంటువులో చూస్తే చెరువుల్లో పెరిగే కలుపు మొక్క కనిపించింది. ఆకు ఆకారం చూసి పెట్టారేమో.)

కానీ నన్నడిగితే ఈ మందులన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఎండుగడ్డి, గడియారం. లాయంలో ఇరవై గుర్రాలు. సాయంత్రం ఐదింటికి అందరికీ గడ్డి వేస్తారు. రస్టీ ఎనిమిదింటికి ముగిస్తాడు. మళ్ళీ పొద్దున ఏడింటికి. మధ్యలో పదకొండు గంటలు. చాలా గుర్రాలకు ఇది సరిపోతుంది. వీడికి చాలదు. నోటికి గడ్డి లేని సమయం నాలుగైదు గంటలు దాటకూడదు అన్నారు డాక్టరమ్మ.

గడ్డి ఎక్కువ వేస్తే అయిపోదా అంటారేమో. ఎక్కువ వేస్తే లావెక్కుతాడు, లావెక్కితే అరిగిన కీళ్ళ మీద బరువు. ఇక్కడ కూడా కప్పా పామే. రోజుకు తొమ్మిది కిలోలు, అంటే వాడి బరువులో రెండు శాతానికి కొంచెం తక్కువ. అంతే గడ్డి, కానీ ఇరవై నాలుగు గంటలూ సాగాలి. దానికి చిన్న కన్నుల వలలు కొన్నాం. కన్ను అంగుళమున్నర. పెదవులతో ఒక్కో పరక లాక్కుని తినాలి. ముందు మూడు రోజులు నా మీద కోపం, తరువాత అలవాటు. మూడు గంటల్లో తినే గడ్డి ఆరు గంటలు వస్తుంది. వలలు ఒకేచోట కట్టలేదు, పొలంలో నాలుగు మూలలా కట్టాం. ఒక వల దగ్గరినుంచి ఇంకో వలకు నడవాలి. అరిగిన కీలుకు నిలబడి ఉండడమంత చెడ్డది లేదు. లాయం గదిలో రాత్రంతా కట్టేస్తే పొద్దున కర్రలా ఉంటాడు. కాబట్టి నేల గడ్డకట్టి జారే రాత్రులు తప్ప బయటే, పోనీతో, షెడ్డు పక్కన.

రాత్రి పది గంటల వల సంగతి అప్పుడు తేలలేదు. ఎవరు కట్టాలి? నేను పన్నెండు మైళ్ళ దూరంలో ఉంటాను. రోజూ రాత్రి రాలేను. గుడిలో అన్నదానానికి నేను పదేళ్ళుగా వంతుల పట్టిక వేస్తున్నాను. ఎవరు కూరలు తరుగుతారు, ఎవరు వడ్డిస్తారు, ఎవరు రాకపోతే ఎవరిని పిలవాలి. అలాంటి పట్టికే వేసి లాయం తలుపుకు అంటించాను. లాయం యజమానురాలు రెండు రాత్రులు, స్వారీ నేర్చుకునే ఇద్దరు కాలేజీ అమ్మాయిలు చెరో రాత్రి, నేను మూడు. అమ్మాయిలకు జీతం వద్దన్నారు, నెలకొకసారి గుడి పులిహోర చాలన్నారు. ఈ ఐదు నెలల్లో ఒక్క రాత్రి కూడా వల ఖాళీగా లేదు.

దాణా కూడా మారింది. పిండి పదార్థం తక్కువగా ఉండేది, చిన్న చిన్న భాగాలుగా, నానబెట్టిన బీట్ పిప్పితో. నడిపించే ముందు రెండు పిడికిళ్ళ అల్ఫాల్ఫా. దానిలో కాల్షియం ఆమ్లాన్ని కొంత చల్లారుస్తుంది, పైగా ఖాళీ పొట్టతో నడిస్తే ఆమ్లం పై భాగానికి చిమ్ముతుందట. చలికాలంలో నీళ్ళ బకెట్టు కింద చిన్న హీటరు. చల్లటి నీళ్ళు వాడు తక్కువ తాగుతాడు, తాగకపోతే పేగుల్లో గడ్డి గట్టిపడుతుంది.

పసుపు గురించి అడగకుండా ఎలా ఉంటాను? ఇక్కడి గుర్రాల వాళ్ళు కూడా దాణాలో పసుపు, మిరియాలు, నూనె కలిపి పెడుతున్నారు. దుకాణాల్లో డబ్బాల్లో అమ్ముతున్నారు. మా ఇంట్లో బస్తా ఉంది. డాక్టరమ్మ నవ్వి, గుర్రాల కీళ్ళకు అది పనిచేస్తుందని గట్టి రుజువు లేదు, పుండ్లున్న కడుపులో అంత మసాలా వద్దు అన్నారు. డెవిల్స్ క్లా అనే మూలిక సంగతి ఇంకా కచ్చితంగా చెప్పారు. నొప్పికి పేరున్నదే, పుండ్లుంటే మాత్రం ముట్టుకోవద్దని. మూలిక కదా ఏం కాదులే అనుకునేవాళ్ళు మనలో చాలామంది. కడుపుకు మూలికా మాత్రా అని తేడా తెలియదు. అవిసె గింజల పొడికి మాత్రం సరేనన్నారు. ఉలవలు కూడా అడిగాను. మన దగ్గర గుర్రాల దాణా అదే కదా, ఇంగ్లీషు పేరులోనే గుర్రం ఉంది. పిండి పదార్థం లెక్క చూసి వద్దన్నారు. ఆ ఉలవలు మా ఇంట్లో చారు అయ్యాయి.

జనవరి మొదట్లో మళ్ళీ ఎండోస్కోపీ చేశారు. పై పుండ్లు మానాయి. కిందివి పూర్తిగా కాదు, కానీ ఎరుపు తగ్గి చదునయ్యాయి. సుక్రాల్ఫేట్ ఇంకో నెల. అప్పుడే పెద్ద చలి వచ్చింది, బురద రాయిలా గడ్డకట్టింది, రస్టీ మళ్ళీ బిగుసుకున్నాడు. ఆలోచించి, ఫిరోకాక్సిబ్ మొదలుపెట్టారు. బ్యూట్ లాంటి మందే, కానీ కీలు వాపు వైపు ఎక్కువ, పొట్ట పూత వైపు తక్కువ పనిచేస్తుంది. రోజుకు 57 మిల్లీగ్రాముల చిన్న మాత్ర, రెండు వారాలు. తక్కువ హాని అంటే హాని లేదని కాదు, దాణా వదిలినా, పళ్ళు కొరికినా, లద్దె పలచబడినా ఆ పూటే ఆపాలి అని రాసిచ్చారు. చలి తగ్గగానే ఆపేశాం. ఫిబ్రవరిలో ఇంకోసారి పది రోజులు. ఆ మధ్యలో రక్తపరీక్ష.

మాత్ర అరటిపండులో పెట్టి ఇస్తాను. గుడిలో ఆదివారం మిగిలే అరటిపళ్ళు. గుర్రానికి ప్రసాదం పెట్టవచ్చా అని పూజారి గారిని అడిగాను. "హయగ్రీవుడికి నైవేద్యం పెడుతున్నాం, మీ వాడికి పెడితే తప్పేముందండి" అన్నారు. రస్టీ తొక్కతో సహా తింటాడు.

డాక్టరమ్మ చెప్పిన నాలుగు విషయాలు నేను తెలుగులో రాస్తున్నాను. నల్ల అట్ట నోటుబుక్కు. మొదట రాత అభ్యాసం కోసమే మొదలుపెట్టాను, ఇప్పుడు అది లేకపోతే నాకు రోజు గడవదు. "జనవరి 21. మొదటి పది అడుగులు ఈడ్చాడు. తరువాత బాగుంది. లద్దె ఐదుసార్లు, గట్టిగా. నన్ను చూసి సకిలించాడు." "జనవరి 23. పడుకోలేదు. నిలబడే నిద్రపోయాడు." "జనవరి 24. పడుకోలేదు." "జనవరి 25. కడుపు మీద మట్టి ఉంది! పడుకుని లేచాడు." గుర్రం నిలబడి కునుకు తీయగలదు, గాఢనిద్రకు మాత్రం పడుకోవాలి. లేవడం నొప్పి అయితే పడుకోవడానికి భయపడుతుంది. కాబట్టి ఒంటి మీద మట్టి నాకు శుభవార్త. దువ్వడానికి విసుక్కునే రోజులు పోయాయి.

క్రిస్మస్‌కు వచ్చినప్పుడు అమ్మాయి ఆ పుస్తకం తిరగేసింది. తనకు తెలుగు చదవడం రాదు. ప్రతి పేజీ నాచేత చదివించుకుంది. తరువాత ఇద్దరం వంటింట్లో కూర్చుని ఒక కాగితం రాశాం. నాలుగింటిలో రెండు వరసగా మూడు రోజులు లేకపోతే డాక్టరమ్మను పిలిచి ఆ మాట మాట్లాడాలి. లేవలేకపోతే మాట్లాడేది ఏమీ లేదు. రాత్రి కడుపునొప్పి వస్తే లీస్‌బర్గ్‌లో వర్జీనియా టెక్ వాళ్ళ గుర్రాల ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, మందులతో చేయగలిగినంత చేయించాలి, ఆపరేషన్ మాత్రం వద్దు. ఆ చివరి మాట రాసింది తను. నేను సంతకం పెట్టాను. ఒక కాపీ లాయం యజమానురాలి దగ్గర, ఒకటి నా కారులో ఉంది. మేము రాయకపోతే ఆ రాత్రి ఆ పిల్లల్లో ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని ఏడుస్తూ మా కోసం నిర్ణయించాల్సి వచ్చేది.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు అనే సామెత మా నాన్నగారు పనికిరాని ఉద్యోగుల గురించి వాడేవారు. గుడిలో ఒకరు మొన్న నా ఖర్చు చూసి అదే అన్నారు. నాకు కోపం రాలేదు. స్వారీకి పనికిరాదు, పోటీలకు పనికిరాదు, నిజమే. వాడిని పనికోసం ఉంచుకోవడం మానేసి ఆరేళ్ళయింది.

ఇప్పుడు ఏప్రిల్. రస్టీ బాగున్నాడు అని రాయడానికి సాహసం చాలదు, బాగులేడు అని రాస్తే అబద్ధం. నిన్న పోనీ వెనక కొండ దాకా వెళ్ళి, దిగేటప్పుడు కొంచెం జాగ్రత్తగా దిగాడు. కొత్త ఎక్స్‌రేలో ఎడమ కాలి కింది కీలు ఒకవైపు అతుక్కుంటున్నట్టు కనిపించింది. డాక్టరమ్మ వేలు పెట్టి చూపించారు, నాకు మబ్బులా కనిపించింది, సంతోషించాను. ఇప్పుడు కొత్త భయం పచ్చిగడ్డి. వసంతంలో దానిలో చక్కెర ఎక్కువ, గిట్టలకు మంచిది కాదు. పగటిపూట మూతికి చిక్కం కడుతున్నాం. చిక్కం అనే మాట మా ఆవిడకు తెలుసు, వాళ్ళ ఊళ్ళో నూర్పిడప్పుడు ఎద్దులకు కట్టేవారట.

అడెక్వాన్ రెండో విడత సోమవారం మొదలు. నాడాలు కొట్టే అతను గురువారం వస్తాడు. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, మేలో నేనూ మా ఆవిడా సియాటిల్ వెళతాం, ఆ మూడు వారాలకు రాత్రి వలల పట్టిక ఇంకా రెండు చోట్ల ఖాళీగా ఉంది. రేపు ఏకాదశి. నాకు ఉపవాసం, పది గంటల వల వంతు కూడా నాదే.